ఖాళీ జాగ

కోరుట్ల బస్టాండులో ఊరి బస్సు కోసం నిలబడిన భార్య దగ్గరికి, కల్లు గీసే భర్త రొప్పుతూ వచ్చాడు.

"ఊరికి కాదు, జగిత్యాల బస్సెక్కు. కలెక్టర్ దగ్గరికి పోదాం."

"ఏమైందయ్యా?"

"గుట్ట కింద సర్కారు జాగ కంపెనీకి అమ్మిన్రట. పొద్దుగాల జేసీబీ అచ్చింది."

"మన ఈత చెట్లు?"

"నలభై కూలగొట్టిన్రు."

"అయ్యో! మీ నాయిన కాలం సంది గీస్తున్నమని చెప్పలేదా?"

"చెప్పిన. కాయితం సూపిచ్చిన్రు. ఎవ్వలూ వాడని మిగులు భూమి అని రాసి ఉంది."

"గా అబద్ధం ఎవడు చెప్పిండు? వాని పేరు లేదా కాయితంల?"

"ఉంది."

"ఎవలు?"

"ఎండకాలంల జీపుల ఇద్దరు సార్లు అచ్చిన్రు, యాదికుందా? సర్కారు నంబరు ఎయ్యని చెట్లు గీస్తున్నమని పట్టుకునేటందుకు ఆబ్కారోళ్లు అచ్చిన్రనుకున్న. కల్లు లొట్లన్నీ దించి పొదలల్ల దాసిన."

"నేను సుత దాసిన. తర్వాత?"

"ఈడ ఎవలన్న గీస్తరా అని అడిగిన్రు. ఎవ్వలు గీయరు సార్, ఖాళీ జాగ అన్న. గదే కాయితం మీద రాసి సంతకం పెట్టుమన్నరు."

"పెట్టినవా?"

"పెట్టిన. ఇంటికచ్చి, గండం తప్పిందని నీకు చెప్పలేదా?"



"గా దినమే గదయ్యా, మనం సంబురంగ కోడిని కోసుకున్నది!"