సరోజమ్మ పిడికెడు బియ్యం

రేపు చర్చిలో మీ అవ్వ జ్ఞాపకార్థ ఆరాధనలో ఆయమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారా నిన్ను? చెప్పల్ల మరి, మనవరాలివి నువ్వు గాకపోతే ఇంకెవురు చెప్తారు. అయినా పవిత్రా, నువ్వు హిందూపురంలో పెరిగినదానివి, ఎండాకాలం సెలవుల్లో పది దినాలు ఈ ఇంటికొచ్చి పోతాంటివి, నీకేం తెలుస్తాది సరోజమ్మ అంటే. నన్నడిగి మంచి పని చేసినావు. కుర్చీ వద్దులే, ఈ గట్టు మీదే బాగుండాది, గాలి తగులుతాది. మేము ఈ ఎదురింట్లోకి వచ్చింది తొంభై రెండులో. అప్పటికే మీ తాత లేడు. పెనుకొండ కాడ రైల్వే గ్యాంగులో పనిచేస్తాండెనంట, నేను చూడలేదు. ఆయన పోయినాక మీ అవ్వ మీ నాయనను ఎత్తుకోని ధర్మవరం వచ్చి పని నేర్చుకునింది. ఏం పని అంటావా? అచ్చు అతికేది. చూసుండవు నువ్వు. మగ్గం మీద ఒక అచ్చు, అంటే పడుగు, చీరలన్నీ నేసి అయిపోతూనే, పాత పోగు కొసకి కొత్త పోగు కొస కలపల్ల. ఒకటి గాదు రెండు గాదు, వేలు. బూడిద అద్దుకోని, రెండు వేళ్లతో నులిమి, ఒకటెనక ఒకటి. కండ్లు పోతాయి, నడుము పోతాది. మీ అవ్వ మగ్గం గుంత పక్కన కూర్చునిందంటే లేసేది లేదు. వేరేవాళ్లయితే ఒక పోగు తప్పితే పక్కదానికి అంటించేసి ‘అయిపోయిందన్నా’ అని పోతారు. చీరలో గీత పడినాక గదా నేసే మాకు తెలిసేది. ఈయమ్మ అట్లగాదు, వెనక్కి వెతుక్కుంటా పోయి ఆ పోగునే పట్టుకుంటాండె. నాకు కోపం ముక్కు మీదే ఉంటాది, నీకు తెలుసు గదా. మా మగ్గం కాడ ఒకసారి అరిచినా. ‘ఒక పోగుకి ఇంతసేపా సరోజక్కా, మీ ఏసుప్రభువు వచ్చి లెక్కబెడతాడా?’ అని. తలెత్తకుండానే ‘ఆయన లెక్కబెట్టడులే చెన్నప్పా, కట్టుకునే పిల్ల చూసుకుంటాది’ అనింది. మళ్లీ పనిలో పడిపొయ్యె.

ఏం చెప్తాంటి? ఆ, పిడికెడు బియ్యం. మీ చర్చిలో ఇప్పుడుండాదో లేదో గానీ, అప్పట్లో అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి సంచిలో పోసి, ఆదివారం చర్చికి ఇస్తాండ్రి అందరూ. మీ అవ్వ సంచి మాత్రం ఎప్పుడు చూసినా ఖాళీ. ఆ కాలంలో ఉండిన పాస్టరయ్య నెమ్మదస్తుడు, పాపం. అడగలేక అడగలేక ఒకనాడు ఇంటికే వచ్చి, ‘ఏమ్మా సరోజమ్మా, నీ పిడికెడు బియ్యం కనపడనే లేదే’ అనె. ‘ముదిగుబ్బ గొర్రెల ఆయప్ప తినేసినాడయ్యా’ అనింది మీ అవ్వ. ‘మరి ముందు వారం?’ ‘తనకల్లు నుంచి ఆసుపత్రికొచ్చినోళ్లు, తల్లీకూతుర్లు, బస్సు తప్పిపోయి ఈడ కూర్చోనుండ్రి.’ అంటే ఏమనుకుంటివి, ఆ పిడికెడు పక్కకు తీసేది నిజమే, దేవునిది అని తీసేది నిజమే, తీసి మళ్లీ ఎసట్లోనే పోస్తాండె. ఎవురొస్తారో తెలీదు, వస్తారని మాత్రం పోస్తాండె. పాస్టరయ్య ‘ఈపొద్దు ఎవురన్నా వచ్చినారామ్మా?’ అన్నాడు. ఇంకా రాలేదనింది. అంతే, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోని, ఆయనే కూర్చోని తిని పొయ్యె. నేను మా వాకిట్లో నుంచి చూస్తాంటి, నవ్వాపుకోలేకపోయినా. మళ్లీ ఎప్పుడూ అడగలేదాయన.

నేనా? నేను తినలేదు. ఆ కాలంలో మావాళ్లం మీ ఇండ్లల్లో తినేది లేదు పాపా. ఇప్పుడు చెప్పుకునేకి సిగ్గుగా ఉండాది గానీ అంతే ఉండె. నోటితో అక్కా అక్కా అంటాంటి, దప్పికైతే మాత్రం మా ఇంటికి పోయి తాగొస్తాంటి. ఆయమ్మకి తెలీదా? తెలుసు. అయినా దినామూ మధ్యాన్నం ఇదే వాకిట్లో నిలబడి, ‘తిన్నావా చెన్నప్పా? రా, ఇంత తిందువు’ అని పిలుస్తాండె. ‘ఇప్పుడే అయ్యిందక్కా’ అంటాంటి నేను. మా ఇంట్లో పొయ్యి కూడా అంటించుండరు అప్పటికి. ఒక్కనాడన్నా ఎత్తిపొడిచింది లేదు. ఎత్తిపొడిచింటే నేనూ ఒక మాట అని వదిలించుకుందును.

రెండువేల ఆరులో చికున్‌గున్యా వచ్చె గదా, ఊరు ఊరంతా కుంటుకుంటా నడిచె. మా ఇంట్లో నేనూ, నా పెండ్లాం గంగులమ్మా ఒకేసారి పడితిమి. వేళ్లు ముడుచుకోవు, చెంబు ఎత్తలేను. మూడు దినాలు టీ, బన్నే. మీ అవ్వకి ముందే వచ్చి పోయింది, మోకాళ్లు ఇంకా పట్టుకోనే ఉండె. కుంటుకుంటా నేరుగా మా వంటింట్లోకే వచ్చేసింది. ‘గిన్నె నీది, బియ్యం నీవి, నీళ్లు నీ తొట్లోవి. నాది చెయ్యొక్కటే చెన్నప్పా, దానికేమన్నా అడ్డం చెప్తావా?’ అని నవ్వింది. అన్నం, కందిబేడల చారు చేసి మూత పెట్టి పొయ్యె. గంగులమ్మ తింటానంటే కండ్లురిమి చూసినా. చూసి, వేళ్లు పట్టవు గదా, రెండు మోచేతుల నడుమ గిన్నె ఇరికించుకోని పోయి పెరట్లో కుక్కకు పోసినా. పోసి తిరిగితే మీ అవ్వ. కండ్లద్దాలు మా ఇంట్లో మరిచిపోయిందంట, వాటి కోసం వచ్చింది. కుక్కను చూసె, నన్ను చూసె. అద్దాలు తీసుకోని పొయ్యె.

మర్నాడు రాదనుకున్నా. వచ్చె. గడప మాత్రం దాటలేదు. బయటే కూర్చోని, ‘చెన్నప్పా, నేను చెయ్యి పెట్టనులే. నువ్వే పొయ్యి అంటించు, నేనీడ నుంచి చెప్తా. గంగులమ్మ పస్తుండాది’ అనింది. ఆ గొంతులో కోపముందేమో అని చెవిపెట్టి వింటి, లేదు. ‘ఇంకా కొంచెం నీళ్లు పొయ్. మంట తగ్గించు. ఉప్పేసినావా?’ నేను మణికట్లతో గిన్నె నెట్టుకుంటా వండినా, ఒకపక్క మాడె, ఒకపక్క పలుకు. గంగులమ్మ ఏడ్చుకుంటా తినె. ఆరు దినాలు అట్లే, ఆ ఎండలో, ఆ మోకాళ్లతో. ఏడో దినం గంగులమ్మ లేసింది, మీ అవ్వ పనికి పొయ్యింది. ఆ మధ్యాన్నమే మళ్లీ వాకిట్లో నిలబడి, ‘తిన్నావా చెన్నప్పా? రా.’ నేనేమన్నానో చెప్పు. ‘ఇప్పుడే అయ్యిందక్కా’ అన్నా.

ఎట్లొచ్చిందో నా నోట్లోకి ఆ మాట. పోదాం, తప్పయిపోయిందక్కా అందాం, ఒక ముద్ద అడిగి తిందాం అని అనుకుంటానే ఉంటి. మా కులపోళ్లు చూస్తారని ఒకపక్క, ఏ మొగం పెట్టుకోని పోయేదని ఒకపక్క. ఆ పై సంవత్సరం ఉగాదికి ముందే ఆయమ్మ నిద్దట్లోనే పొయ్యె. సమాధి కాడ పిడికెడు మన్నేసినా. నేను చేసింది అంతే.

రేపు చర్చిలో ఈ కుక్క సంగతి చెప్పు పాపా. ఎవురో ఒకాయన అనొద్దు, ఎదురింటి చెన్నప్ప అని పేరు పెట్టే చెప్పు. నేనూ వచ్చి వెనక కూర్చుంటా. ఊరికే ఉండు, నువ్వేడిస్తే నేనేం మాట్లాడేది... పొద్దున ఏం వండినావు? అన్నం, ఊరిబిండి పచ్చడేనా? చాలు, పెట్టు. ఈడికి తేవద్దు, నేనే లోపలికొస్తా. చెయ్యి పట్టుకో, లేస్తా.