పన్నెండో పేజీ ముసలమ్మ

దేశదేశాల మనుషుల గురించి పిల్లలకు పదకొండు పుస్తకాలు రాసిన రచయిత్రి, ఇన్నేళ్ళలో తను రాసుకునే గది గుమ్మం దాటింది సన్మానాలకే. కొత్త ముద్రణకు బొమ్మలు తెచ్చిన చిత్రకారుణ్ణి ఆమె కూర్చోమని కూడా అనలేదు.

"పన్నెండో పేజీ బొమ్మ ఏదయ్యా?"

"అది వెయ్యలేదండి."

"వెయ్యలేదా, వెయ్యడం రాలేదా? కొండజాతి ముసలమ్మ, మెడలో చెప్పులు. పాత పుస్తకంలో ఫొటో మసకగా పడిందనేగా నిన్ను పిలిచింది?"

"కింద మీరు రాసింది చదివానండి. 'వీళ్ళు చెప్పుల్ని దేవుడిలా కొలుస్తారు' అని."

"కొలవకపోతే మెడలో ఎందుకేసుకుంటారు, నగల్లేకా?"

"ఆవిడ బట్టలు మోకాళ్ళ దాకా తడిసున్నాయి, చూశారా? వాగు దాటొచ్చింది. చెప్పులు తడవకుండా మెడలో వేసుకుంది. అంతే."

"అంతేనా? వాగు దాటింది, ఇంటికెళ్ళింది, అన్నం తింది. ఇది రాస్తే ఎవరు చదువుతారయ్యా? వింతేముంది ఇందులో?"

"వింత లేదనేనండి నేను చెప్పేది."

"బొమ్మలేసేవాడివి బొమ్మలెయ్యి. పరాయి సంస్కృతుల మీద ముప్పై ఏళ్ళు పనిచేశాను నేను."

"ఈ కుర్చీలోంచేగా."

"ఏమన్నావ్?"

"ఏం లేదండి. ఆ ఒక్క వాక్యం తీసెయ్యండి. బొమ్మ ఇక్కడే కూర్చుని వేసిస్తాను."

"తియ్యను. అయినా నీకెందుకంత మంట? వాళ్ళేమన్నా చదువుతారా, చూస్తారా?"

"చూసిందండి ఒకావిడ. మా పాప బళ్ళో ఈ పుస్తకం చదివిస్తున్నారు. పోయిన వారం క్లాసు పిల్లలు, కొండపిల్లవి నువ్వేగా అని, దాని మెడలో చెప్పులు కట్టి దణ్ణం పెట్టుకోమన్నారు. అప్పట్నుంచి బడికి పోనంటోంది. ఏముందా పుస్తకంలో అని మా అమ్మ తెరిచి చూసింది. ఆ ఫొటోలో ఉన్నది ఆవిడే."

"ఎవరు, మీ అమ్మా?"

"మా అమ్మే."

"మరి ముందే చెప్పవేం నాయనా! ఆదివారం ఆవిష్కరణ సభకి తీసుకురా. ఆ వేషంలోనే రెండు నిమిషాలు స్టేజీ మీద నిలబడితే చాలు, పిల్లలు పడిచస్తారు. చెప్పులు మాత్రం మర్చిపోవద్దని చెప్పు."

"తనూ వస్తాననే అంటోందండి. చెప్పులూ తెస్తుందట. ఈసారి మెడలో కాదు, చేతిలో."