పడవ ఇవ్వొద్దని చెప్పిందెవరు

పెట్రోలు బంకు పక్కన కారు ఆగి ఉంది. ముందు సీట్లలో అల్లుడూ కూతురూ. వెనక సీట్లో, ఒళ్ళో మంచినీళ్ళ డబ్బా పెట్టుకుని తల్లి.

“ఈ పడవ కాకపోతే ఇంకో పడవ. ఇదే రోడ్డున పైకి పోతే ఇంకో నది ఉంది. అక్కడా పడవలు అద్దెకిచ్చే ఆయనున్నాడు. సాయంత్రానికి చేరిపోతాం. పొద్దున్నే దిగామంటే రెండు రాత్రులు అడవిలో, ఆ మర్నాడు వంతెన దగ్గర తేలతాం.”

“తేలతాం అనకే. ఆ మాటే బాగాలేదు.”

“అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో.”

“ఊరుకున్నాను. ఆ నదిలో మొసళ్ళున్నాయేమో కనుక్కున్నారా?”

“లేవు. అక్కడ ఎవరూ చూళ్ళేదట.”

“చూసినవాళ్ళు చెప్పడానికి మిగలొద్దూ.”

“ఇందుకే అమ్మకి ఏదీ చెప్పకూడదు. అమ్మకనేముంది, చెప్పకూడనిది ఎవరికీ చెప్పకూడదు. ఏమండీ శ్రీవారూ, మీకే. వినబడుతోందా?”

“వినబడుతోంది.”

“పడవలాయనకి ఫోన్ చేసి మరీ చెప్పాల్సిన మాటేనా అది? నెల్నుంచి మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. ఎక్కడ రాళ్ళున్నాయి, ఎక్కడ పడవ నెత్తినెత్తుకుని గట్టున నడవాలి, అన్నీ చూసుకున్నాను. తీరా సగం దారికొచ్చాక ఆయన ఫోన్ చేసి, మీకు పడవ ఇవ్వనమ్మా, మీ ఇంట్లోవాళ్ళే చెప్పారంటాడు.”

“తప్పు నాదే. నేనే చెప్పాను.”

“పోనీలేవే. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో. పొద్దుట్నుంచీ అబ్బాయిని ఒకటే సాధిస్తున్నావు.”

“అమ్మా, నీకు తెలీని సంగతిలోకి రాకు.”

“నాకేం తెలీదులే.”

“ఇదిగో శ్రీవారూ, ఈ కొత్తాయనతో మాత్రం ఒక్క ముక్క అన్నారంటే నేనొక్కదాన్నే పడవెక్కుతాను. మాటివ్వండి.”

“ముందెళ్ళి మొహం కడుక్కునిరా. తర్వాత మాట్లాడుకుందాం.”

“మాటివ్వరన్నమాట. సరే.”

కూతురు దిగి, కారు తలుపు గట్టిగా వేసి వెళ్ళింది.

“బాబూ.”

“చెప్పండి అత్తయ్యా.”

“నీళ్ళు తాగుతారా?”

“వద్దండి.”

“బిస్కెట్లున్నాయి.”

“అత్తయ్యా, మీరేదో అడగాలనుకుంటున్నారు.”

“అడగడం కాదు. మీ మొహం చూడక్కర్లేకుండా వెనక సీట్లో ఉండటమే నయంగా ఉంది. అది మిమ్మల్ని దులిపేస్తుంటే నోట్లో ముద్ద పెట్టుకున్నదానిలా కూర్చున్నాను. ఆ పడవలాయనకి ఫోన్ చేసింది నేను బాబూ.”

“తెలుసండి.”

“తెలుసా?”

“ఆయనే చెప్పాడు. పెద్దావిడెవరో ఏడుస్తూ మాట్లాడారన్నాడు.”

“ఏడవాలని చెయ్యలేదు. ముందు పిల్లకి జలుబన్నాను. జలుబుకేముందమ్మా, కట్టుదిట్టంగా కప్పుకుని రమ్మనండి అన్నాడు. నడుం నొప్పన్నాను. వెనక దిండు కడతానన్నాడు. మంచివాడు, అన్నిటికీ మందు చెబుతాడు. ఇంకేం చెప్పాలో తోచక... కన్నతల్లిని, నా నోటితో నేనే... నా పిల్లకి ఫిట్స్ వస్తాయన్నాను. నీళ్ళలో వస్తే ఇక దక్కదన్నాను. నిక్షేపంలాంటి పిల్లకి లేని రోగం అంటగట్టాను. ఫోన్ పెట్టేసి సబ్బుతో నోరు కడుక్కున్నాను.”

“అత్తయ్యా, ఇంక చాలు.”

“చాలంటే ఎలా? తెలిసీ ఆ నింద మీ మీదెందుకు వేసుకున్నారు? నా సిగ్గు మీరెందుకు మోయాలి? మా అల్లుడే దాన్ని అడవులంట తిప్పుతున్నాడని ఇరుగుపొరుగుతో మిమ్మల్ని ఎన్నిసార్లు ఆడిపోసుకున్నానో. అది రాగానే చెప్పేస్తాను. తిడితే తిట్టనీ, ఇక్కడే దింపేసి పోతే పోనీ. మీరిద్దరూ నా మూలంగా మాటలు మానేస్తే నేను బతకలేను.”

“చెప్పకండి. మీరొక్కరే కాదు, నేనూ ఆయనకి ఫోన్ చేశాను. మీకంటే ముందే.”

“మీరా? వద్దనా?”

“వద్దని కాదు. వెనకే ఇంకో పడవలో నీళ్ళు బాగా తెలిసిన మనిషిని పంపమన్నాను. సరేనన్నాడు. తర్వాత మీ ఏడుపు విని బెదిరిపోయి, అసలు పడవే ఇవ్వనన్నాడు.”

“అయ్యో. వెనక మనిషి వచ్చేవాడా? ఆ మాట నా చెవిన పడితే నేను ఫోన్ జోలికే పోయేదాన్ని కాదు కదా. మీరు అంతా చక్కబెడితే నేనే చెడగొట్టానన్నమాట. ఇంతకీ ఏం చెప్పి ఒప్పించారు?”

“మీరు చెప్పిందే.”

“ఫిట్సనా?”

“అవునండి.”

“హమ్మయ్య. అంటే తప్పు ఇద్దరం చేశామన్నమాట. మీరూ నాలాగే తోచక అబద్ధం ఆడేశారా బాబూ? అదిగో, వచ్చేస్తోంది. దానితో ఏమందాం?”

“ముందు కళ్ళు తుడుచుకోండి. నేను ఆడింది అబద్ధం కాదత్తయ్యా.”