భీమన్న చెప్పని నొప్పి

అన్నలారా, తమ్ముళ్లారా. డ్యూటీ దిగి, స్నానం కూడా చేయకుండా ఈ మెస్‌లోకి వచ్చి కూర్చున్న మీ అందరికీ దండం. ఈ ఎడారి దేశంలో ఆ మూలనున్న బురైమి నుంచి బస్సు పట్టుకుని మన ఇబ్రా క్యాంపు దాకా వచ్చినవాళ్లకూ దండం. మన భీమన్న పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. నిన్ననే ఆయన శవం ఉన్న పెట్టె విమానమెక్కి సొంతూరు జగిత్యాల చేరింది. నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను నిలబెట్టారు. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఆయన పక్క మంచం నాది. కోపగించుకునే హక్కు నాకుంది.

కుక్కల నడుమ యోగా ఏమిటని మొదట నవ్వింది మనమే కదా? గోను తుఫాను ఏడాది ఖురంలో వరద నీళ్లలో దొరికిన రెండు కుక్కపిల్లల్ని ఆయన సిమెంటు సంచిలో వేసుకొచ్చాడు. తెల్లవారకముందే వాటర్ ట్యాంకు పక్కన చాప పరుచుకుని కూర్చుంటే అవి చెరో పక్క చేరేవి. నెల తిరక్కముందే అక్కడ పద్నాలుగు చాపలు పడ్డాయి.

మా అమ్మ పోయినప్పుడు నాకు లీవు దొరకలేదు. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. భీమన్న నన్ను చాప మీద కూర్చోబెట్టి, ఒక కుక్కను ఒళ్లో పెట్టాడు. "దాని కడుపు మీద చెయ్యి పెట్టు తమ్మీ. అది ఊపిరి తీస్తే నువ్వు తియ్యి. అది ఇడిస్తే నువ్వు ఇడువు" అన్నాడు. అలాగే చేశాను. అప్పుడు ఏడ్చాను. ఆ సాయంత్రం అన్నం తిన్నాను.

ఆయన పెట్టిన నియమాలు రెండే. ఆసనాలకు ముందు ఎవరికెక్కడ నొప్పో అందరి ముందూ చెప్పాలి. శవాసనంలో ఉన్నవాణ్ణి లేపకూడదు. మనం చెప్పాం. నడుము నొప్పి, మోకాలు నొప్పి, ఇంటి మీద బెంగ, అన్నీ చెప్పాం. ఆయన వంతు వస్తే ఏమనేవాడు? "నాకేమైతది, మంచిగనే ఉన్న."

అబద్ధం. రెండు నెలలపాటు రోజూ అబద్ధం. ఆయన పోయాక దిండు గలీబులో రెండు నెలల నాటి క్లినిక్ చీటీ దొరికింది. గుండె బాగాలేదు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమని రాసి ఉంది. పనికి అన్‌ఫిట్ అని కంపెనీవాళ్లు ఇంటికి పంపేస్తారని భయపడి ఉంటాడు. ఆ భయం మాలో ఎవరికి లేదు భీమన్నా? మా నొప్పులన్నీ విన్నావే, నీ ఒక్క నొప్పి మాకు చెప్పలేకపోయావా? మమ్మల్ని అంత పరాయివాళ్లను చేస్తావా?

ఆ శుక్రవారం శవాసనం అయ్యాక మనం లేచి బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లాం. ఆయన లేవలేదు. ఆ రెండు కుక్కల్లో ఒకటి ఆయన చొక్కా పట్టి లాగింది. అరిచింది. ఆయన్ని లేపేస్తుందని చెప్పు విసిరి దాన్ని తరిమింది ఎవరు? నేనే. అరగంట తరవాత వెళ్లి చూస్తే ఒళ్లు చల్లబడి ఉంది.

ఆయన మనల్ని మోసం చేశాడు. ఆ మోసాన్ని నమ్మి నేను చెప్పు విసిరాను.

ఇక అందరూ లేవండి. రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. కళ్లు మాత్రం మూసుకోకండి, పక్కవాడి ముఖం చూడండి. ఎవరికైనా ఎక్కడైనా నొప్పిగా ఉంటే, ఈ మౌనం మధ్యలోనే చెప్పేయండి. మౌనం చెడగొట్టారని భీమన్న ఏమనుకున్నా సరే.