పిడికెడు కొత్త బియ్యం

తొంభయ్యారు తుపానుకి సముద్రం ముంచేసిన కోనసీమ ఊళ్లో, రెండేళ్లకి మళ్లీ వరి పండింది. ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ఊడ్చే ముసలావిడ పాస్టరుగారి ముందు చిన్న మూట పెట్టింది.

“పిడికెడు బియ్యం కానుకండి, అయ్యగారూ. ఈసారి మా చేలోవే.”

“ఉప్పు పట్టిన ఆ చేలోనా? అందులో ఎవరు నాటమన్నారమ్మా?”

“మీరేనండి! బైబిల్లో తొంభై ఏళ్ల శారాకి కొడుకునిచ్చిన దేవుడు ఈ చవిటి నేలకి గింజనివ్వలేడా అన్నారు. రెండుసార్లు నారు మాడిపోయినా, ఆ మాట పట్టుకునే మళ్లీ నాటామండి.”

“మరి ఈ రెండేళ్లూ మీరు తెచ్చిన బియ్యం?”

“రేషన్‌వండి. ఎసట్లో పొయ్యకముందే దేవుడికని పిడికెడు తీసి మీకు తెచ్చేవాళ్లం.”

“నేనవి తినకుండా ఉండాల్సిందమ్మా.”

“అదేం మాటండి?”

“దేవుడి మాట నమ్మలేక శారా నవ్వుకుందని చెప్పాను కదా. నవ్వుకున్నది నేను. ఆ ప్రసంగం చెప్పిన మర్నాడే, ఈ ఊరు ఇక లేవదు, నన్ను వేరేచోటికి పంపండని చర్చి పెద్దలకి ఉత్తరం రాశాను.”

“తెలుసండి.”

“తెలుసా?”

“మీ గది ఊడ్చేదీ నేనే కదండీ. మంచం కింద సర్దిపెట్టిన పెట్టె అప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను.”

“చూసి కూడా, మీ నోటి దగ్గరి బియ్యం నాకు తెచ్చారా?”

“మీకూ ఆకలేస్తుంది కదండీ. ఆ పెట్టె తాళం ఇలా ఇవ్వండి. బట్టలు ముక్కిపోయుంటాయి, ఎండలో వేస్తాను.”