అవ్వ చెయ్యికి ఎరుకైన జుట్టు

హలో… ఆ, నేనే. జలపతిని, సెలూన్ జలపతి. ఆగు వదినె, ఆగు, ఫోన్ పెట్టకు. జర నిమ్మలంగ ఇను. మొత్తం ఇన్నంక ఎంత తిడుతవో తిట్టు.

…

జగిత్యాలల్నే ఉన్న. దుకాణం బయట, మెట్ల మీద. లోపట మాట్లాడితే ఇనిపిస్తది… ఎవరికంటే — మీ మరిదికి. కరుణాకర్ నా కుర్చీల కూసున్నడు.

…లే లే, ఏం కాలే, మంచిగనే ఉన్నడు. తల కడిగిన, మెడ సుట్టు గుడ్డ కట్టిన. "ఫోన్ మాట్లాడి అస్త" అని బయట వడ్డ.

ఒక్కటి చెప్పు, అవ్వ పక్కకే ఉన్నదా?… అయితే జర వాకిట్లకు రా. రా, చెప్త.

…అచ్చినవా?

ఫోటో తెచ్చిండు వదినె. మీ ఆయన ఫోటో. సౌది పోయే ముందట కోరుట్లల మీ తల్లిగారింటి ముంగట దిగింది, సగం నువ్వు గూడ ఉన్నవ్ అండ్ల. అద్దానికి ఆనిచ్చి పెట్టిండు. "మా ఎంకటేశమన్నకు ఎట్ల కొట్టినవో నాకు గట్లనే కొట్టు" అంటున్నడు.

…హలో? వదినె? ఉన్నవా?

— ఆ. అదే. భుజాల దాక జుట్టు, పైన పొట్టిగ, కిందికి పొడుగ్గ, మెట్లు మెట్లు. లేయర్లు. మీ తల్లిగారింటికి అచ్చినప్పుడల్ల అన్నకు గవి కొట్టింది నేనే గద, కోరుట్లల పని నేర్చుకునే దినాలల్ల! కుర్చీల కూసున్నోళ్లంత నవ్వుతుండె — "ఏమోయ్ ఎంకటేశం, జడ ఎప్పుడు ఏసుకుంటవ్, పూలు తేవాల్నా" అని. అన్న ఏమంటుండె ఎరుకేనా? "సిరిసిల్లోన్ని. దినమంత సాంచె మీద బట్ట నేసుకుంట పోగులు చూసేటోన్ని. నా నెత్తి మీద ఒక్క పోగు ఎక్కువ తెంపినా నాకు ఎరుకైతది, జర పైలం జలపతీ…"

…నవ్వినవా? ఏడుస్తున్నవా?… సరే. సరే వదినె.

…

ఎందుకో నీకు ఎరుకలేదా? నిజంగ? నీకు చెప్పలేదా వాడు?

మరి ఇను. ఇయ్యాల రెండు గంటల బస్సుకు మీ ఇంటికే అస్తున్నడు, సిరిసిల్లకు. కరుణాకర్ లెక్క కాదు. అన్న లెక్క. అవ్వ పది దినాల నుంచి బువ్వ ముట్టుత లేదట గద, "పెద్దోడు అస్తనే తింట" అని మొండికేసిందట గద… ఆ. గందుకే. "ఒక్కసారి పెద్దోడు అచ్చి నాలుగు బుక్కలు తినవెడితే లేచి కూసుంటదన్నా" అంటున్నడు.

…

నేను చెప్పలేదా? మస్తు చెప్పిన! స్టైల్ వేరు, లేయర్ వేరు తమ్మీ అని చెప్పిన. హైదరాబాద్‌ల నేను చేసిన కోర్సుల మొదటి రోజు చెప్పే పాఠం అది. స్టైల్ అంటే ఉన్న జుట్టునే దువ్వి, వేడి గాలి కొట్టి, జెల్ రాసి నిలవెట్టుడు. నీళ్లు తాకినయా, పాయె, మల్ల ఎవని మొఖం వానికి అస్తది. లేయర్ అంటే కత్తెర. కోసినంక ఏడాది దాక గదే మొఖం. "నీ జుట్టు మంచిగ పెరిగింది, స్టైల్ చేస్త, పొద్దూకే దాక అన్న లెక్కనే కనవడతవ్ పో" అన్న.

వాడేమన్నడో ఇంటవా?… "కనవడుడు కాదన్నా. అవ్వకు కండ్లేడివి? అవ్వ నూనె పెడతది" అన్నడు.

…

అవును గద. నూనె చేతుల ముంగట జెల్ ఏం నిలుస్తది. అవ్వ ఏళ్లకు ఎరుక వదినె పెద్దోని జుట్టు — ఏడ ఆగాలె, ఏడ జారాలె. ముప్పై ఏండ్లు పెట్టింది నూనె. నా కత్తెరకన్న ఆమె చెయ్యికే ఎక్కువ ఎరుక.

…లే, ఇంక కొయ్యలే. ఒక్క ఎంటిక కొయ్యలే. ఒట్టు.

భయమైంది నాకు. నిజం చెప్తున్న. తల కడిగి దువ్విన, గంతే. నేను పాపిడి తియ్యలే వదినె… దాని అంతట అదే పడ్డది. ఎడమ దిక్కు. అన్నకు పడ్డట్టే. నేను దువ్వెన పట్టుకొని గట్లనే నిలవడ్డ. అద్దంల ఎవరున్నరు? కింద ఫోటోల ఎవరున్నరు?

…

లే, నేను మీ ఇంట్ల మాటల్లకు అస్తలేను. గని పదకొండు నెలలైంది వదినె. అన్న గా సౌది రూముల పండుకున్నోడు లేవకపాయె. పీనుగు రాకపాయె, అక్కడనే మట్టి చేసిరి. పదో దినం నాడు తమ్ముని నెత్తి ఎంటికలు తియ్యాల్సి ఉండె గద? నేనే తియ్యాల్సి ఉండె. అచ్చిండు ఆరోజు ఈడికి, ఇదే కుర్చీల కూసున్నడు. కత్తి పెట్టంగనే చెయ్యి పట్టుకున్నడు — "వద్దన్నా, అవ్వ నెత్తి నిమురుతది, గుండు తాకితే పెద్దోడు లేడని ఎరుకైతది" అని. గా దినం నుంచి పెరిగిన జుట్టే వదినె ఇది. తియ్యాల్సిన జుట్టు. ఇప్పుడు దీనికి లేయర్లు కొట్టు అంటే నా చేతులు ఎట్లాడుతయ్?

…

నిన్ను అంటలేను. నువ్వు బొట్టు తియ్యకపోతివి, గాజులు తియ్యకపోతివి, అవ్వకు గాజుల సప్పుడు ఇనవడాలె అని. నాకు ఎరుకే. నువ్వేడ ఏడుస్తున్నవో గూడ ఎవలకు ఎరుక లేదు.

…

ఆ, శుక్రారం శుక్రారం సౌదికెళ్లి చేసినట్టు అవ్వకు ఫోన్ చేసేది గూడ వాడే గద. ఈన్నే జగిత్యాలల పని చేస్తడు గద, గీ మెట్ల మీద నిలవడే చేస్తడు. ఇప్పుడు నేను నిలవడ్డ జాగనే. "హలో అవ్వా… ఆ, నేనే, పెద్దోన్ని" అని. అదే గొంతు, అదే దగ్గు. ఒకసారి ఎన్కకెళ్లి ఇన్న. చేతిల దువ్వెన కింద వడ్డది.

గందుకే నీకు చేసిన. నువ్వు వద్దను. నువ్వు వద్దంటే వాడు ఇంటడు.

…

…వదినె?

…ఏంది?

ఎడమ చెవు దిక్కా?… ఆ, యాదికున్నది, అక్కడ జర పొడుగ్గ ఇడిసేటోన్ని, కాలిన మచ్చ కనవడొద్దని… గది ఇప్పుడు నాకెందుకు చెప్తున్నవ్?

…

నువ్వు గూడనా?

…ఒక్కసారా. ఒక్కసారి చూస్తవా. ఆఖరుకు మొఖం గూడ చూడకపోతివి… అవును. అవును వదినె. నేనేమంట దానికి.

గని — గని ఒక్కటి ఆలోచించు. అవ్వకు చూపు లేదు. నీకు అసలు సంగతి ఎరుక. మరి పిల్ల? ఆరేండ్ల పిల్లకు కండ్లున్నయ్ గద. పుట్టినకాడి నుంచి బాపును ఫోన్ల తప్ప సరిగ చూడలే. అది ఉరికచ్చి "బాపూ" అని కాళ్లు చుట్టుకుంటే కరుణాకర్ ఏం చెయ్యాలె? రేపు పొద్దుగాల ఏడికి పోయిండని చెప్తరు దానికి?

…

కోరుట్ల పంపుతవా? మీ తల్లిగారింటికి? ఇప్పుడా?… బస్సుకు టైం ఉన్నదా?

…ఎవరు పిలుస్తున్నరు?… అవ్వనా? నా పేరు ఇన్నదా?… లేదు, ఎవరో రాంగ్ నంబర్ అని చెప్పు — వదినె, వద్దు, ఫోన్ ఇయ్యకు అవ్వకు, నేను మాట్లాడ, వదినె…

…

హలో… అవ్వా. ఆ, నేనే, జలపతిని. బాగున్నవా?… నేను బాగనే ఉన్ననవ్వా. బువ్వ ఎందుకు తింటలేవు, ఏందిది చిన్నపిల్ల లెక్క?

…

ఎవరు?… పెద్దోడా?

…

ఆ… ఎప్పుడచ్చినా ముందు నా దగ్గరికే అస్తుండె గదా. అవునవ్వా. జుట్టు కొట్టిచ్చుకోకుంట నీ ముంగట వడేటోడు కాదు. అవును.

…

…

అవ్వా, అది —

…

…ఆ. అచ్చిండవ్వా.

ఈన్నే ఉన్నడు. నా కుర్చీల.

…ఆ. ఎక్కువ కొయ్య. నీ చెయ్యికి ఎట్ల ఉండాల్నో గట్లనే ఇడుస్త. ఏడ్వకు. ఏడ్వకవ్వా, నూనె ఎచ్చవెట్టి ఉంచు. చీకటి వడక ముందే పంపుత… వదినెకు ఇయ్యి ఫోన్.

…

వదినె. నేను… నాకు ఏమైందో ఎరుకలే. నోట్లకెళ్లి అదే అచ్చింది. ఇంతసేపు వద్దన్న నోరే.

…లేచి కూసున్నదా? అవ్వ? బువ్వ కలుపుమన్నదా?

…

దేవుడా.

…ఆ, కత్తెర జేబులనే ఉన్నది. లోపట వాడు ఇటే చూస్తుండు, అద్దంలకెళ్లి. ఇన్నట్టున్నడు… పోత, లోపటికి పోత. ఎడమ చెవు దిక్కు జర పొడుగు, ఆ, యాదికుంటది. నువ్వు ముందు పిల్లను తయారు చెయ్యి, ఎవరినన్న తోడు ఇచ్చి కోరుట్ల బస్సు ఎక్కియ్యి, జల్ది —

…ఏంది? ఏడున్నది పిల్ల?

…అవ్వ పక్కకే ఉండెనా? అంత ఇన్నదా?

…

కొత్త గౌను ఏసుకున్నదా? అరుగు మీద కూసున్నదా?… "బాపు ఎన్ని గంటలకు అస్తడు" అని అడుగుతుందా?

…వదినె, ఇప్పుడు నేను లోపటికి పోయి ఏం చెయ్యాలె? లేయర్లు కొట్టాల్నా, స్టైల్ చెయ్యాల్నా, ఆరోజు ఆపిన గుండే చెయ్యాల్నా? ఏడ్సుడు ఆపి ఒక్క మాట చెప్పు, నీకు దండం పెడత — కత్తెర నీ చేతులనే ఉంటే, నువ్వైతే ఏం చేస్తవు?

…హలో?

హలో?