రెండు పక్కలా చెట్లు

హలో… ఆ, నేనే. గాస్పరేనే బావా. నా ఫోనుకి చేసి నువ్వేనా అంటే ఇంకెవరుంటారు.

…

గట్టిగా మాట్లాడు. గుసగుసలేంటి. ఎక్కడున్నావు?

…

కోళ్ళగూట్లోనా.

… తలుపేసుకుని మరీ. సరే, ఎందుకని అడగను. మా అక్కని కట్టుకున్నవాడికి ఎప్పుడో ఒకప్పుడు కోళ్ళగూడే గతి అని మా నాన్న మీ పెళ్ళినాడే అన్నాడు.

మంచి సమయానికి చేశావులే. సిలోన్ పటం ముందేసుకుని కూర్చున్నాను. విను. పలెర్మోలో విమానం ఎక్కుతాం, రోమ్‌లో మారతాం, కొలంబోలో దిగుతాం. అక్కడ్నించి కాండీకి రైలు. మొదటిరోజు అక్కడి పేరాదెనియ చెట్ల తోట. రెండోరోజు…

… తోటే. మొదటిరోజుకి అవుతుందా అదంతా.

… మూడోరోజు విశ్రాంతి.

… ఎక్కడేంటి, తోటలోనే. బల్లలుంటాయి, కూర్చోవచ్చు.

… సముద్రమా. జీవితమంతా చేపలమ్మావు. అంతదూరం వెళ్ళి మళ్ళీ సముద్రమే చూస్తావా బావా? చూడు, నీ ఒక్కడి కోసమని కార్యక్రమం మార్చను. తర్వాత సింగపూరు. అక్కడ తోటలో ఒక లోయంతా తాటిజాతి చెట్లేనట.

…

అవును, మళ్ళీ తాటిచెట్లే. మరి దేనికి వెళ్తున్నామనుకున్నావు?

… నీకు తాటిచెట్టుకీ కరెంటు స్తంభానికీ తేడా తెలియదని నాకూ తెలుసు. నువ్వు సామాన్లు మొయ్యడానికి వస్తున్నావు. అక్కా నేనూ చూడ్డానికి వెళ్తున్నాం. చిన్నప్పట్నుంచీ అనుకున్నది. ఇక్కడ బగేరియాలో ఏం మిగిలిందని? మీ పెరట్లో ఖర్జూరాన్ని ఎర్రముక్కు పురుగు తినేశాక, అక్క ఆ కిటికీ తలుపు తియ్యడమే మానేసింది. నువ్వేమో మొద్దుని పీట చేసుకుని కూర్చున్నావు.

… హాయిగా ఉంటుందా. మంచిది.

అక్కడ శ్రీతాళం అని ఒకటుంది. ఒక్క ఆకు కింద మనందరం వానకి నిలబడొచ్చు. బతికినన్నాళ్ళూ ఊరికే పెరుగుతుంది, చివర్లో ఒక్కసారి పూస్తుంది, ఆ తర్వాత చచ్చిపోతుంది.

… కాదు బావా, నీ పెళ్ళి గురించి కాదు. చెట్టు గురించే.

… ఏంటి?

… వాయిదానా? ఎందుకు?

… మోకాలా. మొన్న బస్సు వెనకాల పరిగెత్తింది ఎవరి మోకాలు?

… కోళ్ళని ఎవరు చూస్తారా. మీ పక్కింటి దోన్నా ఇమ్మాకొలాతా చూస్తుంది, నేనడిగాను. గుడ్లు తను తీసుకుంటానంది, ఒప్పుకున్నాను.

… తిండా? మా కింద వాటాలో జయసింఘే ఉన్నాడుగా. వాళ్ళది కాండీయే. వాళ్ళమ్మగారింట్లో భోజనం. కారం తక్కువ వెయ్యమని కబురు కూడా పెట్టాడు. వాళ్ళ తక్కువ ఎంతో నాకు తెలియదనుకో.

… వానలా. జనవరిలో వానలుండవు.

… బావా.

… బావా, ఆగు. మోకాలన్నావు, కోళ్ళన్నావు, వానన్నావు. ఇంకా చర్చి గంట పాడైందనడం ఒక్కటే మిగిలింది. అసలు సంగతేంటి?

…

— హలో? ఉన్నావా?

…

ఆ కోడిని అవతలికి తోలు, అది మాట్లాడుతోంది, నువ్వు మాట్లాడట్లేదు.

…

ఆ.

… కళ్ళా? ఎవరి కళ్ళు?

…

అక్కవా. ఎప్పట్నుంచి?

… ఈస్టర్ నుంచా. మరి నాకు…

… ఎవరు చెప్పద్దన్నారు? తనా.

… ఏం తెలుస్తుంది బావా, నాకెలా తెలుస్తుంది. పోయిన ఆదివారం నా కాఫీలో ఉప్పేసింది. ఆలస్యంగా వచ్చినందుకు కోపంతో వేసిందనుకున్నాను. తాగేశాను కూడా. నోరెత్తకుండా.

… అవును, మొత్తం.

… ఆగు. అంతకుముందు, పొరపాటున గ్యాసు మీటరు ఫోటో పంపాను అక్కకి. తోటలో చెట్టు ఫోటో అనుకుని పంపాను. "చాలా బాగుందిరా, ఎంత ఎత్తుంటుంది" అంది. నన్ను ఆటపట్టిస్తోందనుకుని, నేనూ "ముప్ఫై అడుగులు" అన్నాను.

…

నవ్వకు. నవ్వు రావట్లేదు నాకు.

… నువ్వూ నవ్వట్లేదా. సరే.

డాక్టరేమన్నాడు? సరిగ్గా చెప్పు.

… మధ్యలో మచ్చ. ఎటు చూస్తే అటే మచ్చ. … ఆ… మరి పక్కన?

… పక్కలు బాగానే కనపడతాయా? చెవుల వైపు, ఆ రెండు వైపులా?

… మొహం కనపడదు, చెవులు కనపడతాయా. నీ చెవులు గుర్తుపట్టిందంటే ఇంకా ఫరవాలేదు.

… మందుందా?

… ఉన్న చూపు నిలుపుతారు, పోయింది రాదు. ఊఁ.

…

— లేదు, లైన్లోనే ఉన్నాను. పటం మడతపెడుతున్నాను. సరిగ్గా మడత పడట్లేదు.

… నన్నొక్కడినే వెళ్ళమందా? తనే అందా ఆ మాట?

… బావా, నేనొక్కడినే వెళ్ళి ఏం చేస్తాను? ఆ చెట్ల పేర్లన్నీ నాకు చెప్పింది ఎవరు? చిన్నప్పుడు పలెర్మో తోటలో మా అమ్మ ఇద్దరినీ వదిలి బజారుకెళ్ళిపోయేది. అక్క నన్ను ఒక్కో చెట్టు దగ్గరా నిలబెట్టి పేరు అప్పజెప్పించేది. తప్పు చెప్తే మొట్టికాయ. నాకింత బట్టతల ఊరికే రాలేదు.

… ఏంటా చప్పుడు?

… తలుపు ఎవరు కొడుతున్నారు?

… తియ్యి మరి. ఎంతసేపు దాక్కుంటావు? గుడ్లు ఏరుకోవడానికొచ్చానని చెప్పు.

… నమ్మలేదా. నేనైనా నమ్మను.

… ఇవ్వు. ఫోను తనకివ్వు.

…

అక్కా.

… తిట్టు. ఆయన్నెందుకు, నన్ను తిట్టు. ఆయన వాయిదా వెయ్యమన్నాడంతే. మిగతాది నేనే లాగాను.

… అవును, తెలిసింది.

… జాలి ఎవడు పడుతున్నాడు? కాఫీలో ఉప్పు తాగినవాడిని నేను. నా మీద ఎవరు జాలిపడ్డారు?

… ఆ మీటరు సంగతి కూడా చెప్పేశాడా. … నవ్వుతున్నావా? … సరే, నవ్వు.

…

ఎవరికి పంపాలి తప్పుడు ఫోటోలు, నువ్వు రాకపోతే.

… అక్కా, ఒక్కమాట విను. అడ్డు రాకు. ఒక్కమాటే.

ఆ పేరాదెనియ తోటలో ఒక దారుంది. రెండు పక్కలా రాజతాళం చెట్లు. బూడిదరంగు మొదళ్ళు, సిమెంటు స్తంభాల్లా నున్నగా. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, అటొక వరస, ఇటొక వరస. మధ్యలో ఏముంది?

… నువ్వే చెప్పు, ఏముంటుంది?

… రోడ్డు. ఉత్త రోడ్డు. రోడ్డు చూడ్డానికి ఎవరైనా సముద్రాలు దాటి వెళ్తారా? మచ్చ పడితే రోడ్డు మీద పడుతుంది. పడనీ. చెట్లన్నీ పక్కలనే ఉన్నాయి.

…

అలాంటి దారులు ఒకటి కాదు, ఇంకా ఉన్నాయట. ఒకటైతే అచ్చంగా తాటిచెట్లదే. జయసింఘే చిన్నప్పుడు బడెగ్గొట్టి వెళ్ళేవాడట అక్కడికి.

…

అక్కా?

…

హలో… వినపడుతోందా?

… ఆ. ఏంటి?

… వెడల్పా? రోడ్డు వెడల్పెంతుంటుందా. … తెలియదు. కనుక్కుంటాను. మరీ వెడల్పైతే నీకు…

… బండ్లు తిరగవనుకుంటాను. సరిగ్గా నడిమధ్యన నడుస్తావా? నడు. ఎవరైనా అడ్డొస్తే బావ ఉన్నాడుగా, పక్కకి తోస్తాడు. చేపల బజారులో అలవాటేగా.

… లేదు, "అటు చూడు" అనను.

… "ఇటు చూడు" కూడా అనను.

… చెట్టు పేరు చెప్పద్దా? సరే. నువ్వు చెప్పు. నేను తప్పైతే తప్పంటాను. … మొట్టికాయ మాత్రం వద్దు, ఈ వయసులో బావుండదు.

… జనవరి కాదా. మరి?

… ఇంకా ముందే, నవంబరులోనా. నవంబరులో వానలక్కా.

… తడుస్తాం. నిజమే, తడిస్తే ఏమవుతుంది.

… డాక్టరుకి నువ్వే చెప్తావా. సూదిమందు వేయించుకునే బయల్దేరతాం, అది మాత్రం ముందే చెప్తున్నాను. ఆ విషయంలో నీ మాట వినను. … ఊఁ. … సరే, తిట్టు, దానికైతే పడతాను.

… బావేం చేస్తున్నాడు?

… ఏడుస్తున్నాడా.

… ఆ. కోళ్ళ దుమ్మంటున్నాడా. దుమ్మే అయ్యుంటుంది, నువ్వేం అడక్కు.

… ఎక్కడా, ఇంకా గూట్లో ఆ మూలనే ఉన్నాడా? చీకటిగా ఉంటుందక్కడ. నీకు ఎలాగూ అలవాటైపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని నువ్వే బయటికి తీసుకురా. గుమ్మం పొట్టిది, తల వంచమను.

… పట్టుకున్నావా?

… సరే. మెల్లగా. ఉంటాను.